టెయింటెడ్ లవ్: 16 ఏళ్ల తర్వాత హిట్టయిన సోల్ పాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

1981 సెప్టెంబరులో బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్‌కి చేరిన 'టెయింటెడ్ లవ్' సాఫ్ట్ సెల్ బృందం సొంత పాటేనని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. ఆ బృందానికి 16 ఏళ్ల ముందే గ్లోరియా జోన్స్ అనే అమెరికన్ నల్లజాతి గాయని ఆ పాట పాడారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా 1965 నుంచి 1981కి ఒక్క గెంతు గెంతుతారు. మధ్యలో ఆ పాటను బతికించినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకి రావాల్సిన పేరు రాలేదని నా బాధ. అందుకే ఈ పేజీలో ఎక్కువ చోటు వాళ్లకే ఇచ్చాను.

అసలు ఈ పాట ఎవరిది?

రాసింది ఎడ్ కాబ్. 1950లలో ఫోర్ ప్రెప్స్ అనే పాటల బృందంలో పాడి, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో రచయితగా, నిర్మాతగా స్థిరపడ్డాడు. బ్రెండా హాలోవే పాడిన 'ఎవ్రీ లిటిల్ బిట్ హర్ట్స్' ఆయన రాసిందే. అది 1964లో బాగా ఆడింది. స్టాండెల్స్ అనే రాక్ బృందానికి 'డర్టీ వాటర్' రాసిచ్చింది కూడా ఆయనే.

గ్లోరియా జోన్స్ 1945లో సిన్సినాటిలో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో పెరిగారు. ఆమెది చర్చి గొంతు. టీనేజీలోనే కోజిక్స్ అనే గాస్పెల్ బృందంలో పాడేవారు. తర్వాత బీటిల్స్ రికార్డుల్లో కీబోర్డు వాయించిన బిల్లీ ప్రెస్టన్ కూడా ఆ బృందంలోని వాడే. 1964లో ఎడ్ కాబ్ ఆమెతో ఈ పాట రికార్డు చేయించాడు. 1965లో ఛాంపియన్ అనే చిన్న లేబుల్, అంటే రికార్డు కంపెనీ, దాన్ని విడుదల చేసింది.

అంత మంచి పాట అప్పుడు ఎందుకు ఆడలేదు?

మొదటి కారణం, అది బీ సైడ్. అప్పట్లో సింగిల్ అంటే రెండు వైపులా ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు. కంపెనీ నమ్మకం పెట్టుకున్న పాట ఏ సైడ్‌లో ఉంటుంది. రేడియో వాళ్లకు, పత్రికలకు ఆ వైపే వినమని చెబుతారు. రెండో వైపు ఊరికే నింపడానికి. గ్లోరియా సింగిల్‌కి ఏ సైడ్ 'మై బ్యాడ్ బాయ్స్ కమిన్ హోమ్' అనే పాట. ఆ ఏ సైడే ఆడలేదు, ఇక రికార్డు తిప్పి వినేదెవరు?

రెండో కారణం ఆ కాలం. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ పాటలు అమెరికా అంతా మారుమోగుతున్న రోజులవి. సుప్రీమ్స్ బృందం ఒక్కటే 1964-65లో వరసగా 5 నంబర్ వన్‌లు కొట్టింది. అంతటి పోటీలో చిన్న లేబుల్ వేసిన రికార్డు రేడియోలో వినబడాలంటే ప్రచారానికి డబ్బు కావాలి, తెలిసినవాళ్లు కావాలి. ఆ రెండూ లేకపోతే పాట ఎంత బాగున్నా గోడౌన్ దాటదు.

పాట తప్పేమీ లేదు. ఇప్పుడు విన్నా మొదటి పది సెకన్లలోనే కాళ్లు కదులుతాయి.

సోల్ సంగీతం అంటే ఏమిటి?

చర్చిలో పాడే గాస్పెల్ పద్ధతిని, రిథమ్ అండ్ బ్లూస్ ఊపుని కలిపి అమెరికా నల్లజాతి కళాకారులు 1950ల చివర, 1960లలో పెంచిన సంగీతం. రే చార్లెస్, సామ్ కుక్, ఆరెథా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడ్డింగ్ పేర్లు మీరు వినే ఉంటారు. దేవుడిని పిలిచినంత ఆర్తితో ప్రేమికుడినో ప్రేయసినో పిలవడం దాని ప్రాణం.

అమెరికాలో ఆడని రికార్డు ఇంగ్లండ్‌కి ఎలా చేరింది?

అమ్ముడుపోని రికార్డులు అమెరికాలో గోడౌన్లలో గుట్టలుగా పడి ఉండేవి. వాటి కోసం ఇంగ్లండ్ నుంచి డీజేలు, రికార్డుల వ్యాపారులు వెళ్లేవాళ్లు. దుమ్ము దులుపుతూ ఒక్కొక్కటే తీసి చూసి, చవగ్గా కొనుక్కొచ్చేవాళ్లు. రిచర్డ్ సర్లింగ్ అనే డీజే 1973లో అలా అమెరికా వెళ్లినప్పుడు గ్లోరియా జోన్స్ రికార్డు కొన్నాడు. అప్పటికి దాని వయసు 8 ఏళ్లు. తెచ్చి క్లబ్బులో వేశాడు. పాట అందుకుంది.

ఈ కథలో అతి పెద్ద మలుపు ఇదేనని నా అభిప్రాయం. లక్షల కాపీలు అమ్ముడైన 1981 కన్నా, ఒకే ఒక కాపీ చేతులు మారిన 1973 ముఖ్యం.

నార్తర్న్ సోల్ అంటారు కదా, అదేమిటి?

ఉత్తర ఇంగ్లండ్‌లో, మధ్య ఇంగ్లండ్‌లో మిల్లులు, గనులు, ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిన ఊళ్లున్నాయి. మాంచెస్టర్, విగన్, బోల్టన్, స్టోక్ లాంటివి. అక్కడి కార్మిక కుటుంబాల పిల్లలు వారమంతా పని చేసి శనివారం రాత్రి క్లబ్బులకు వెళ్లి, అమెరికాలో 1960లలో వచ్చిన వేగమైన సోల్ పాటలకు డాన్సు చేసేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. పాడింది మాత్రం నల్లవాళ్లు, అదీ సొంత దేశంలోనే గుర్తింపు రానివాళ్లు.

ఆ పేరు పెట్టింది డేవ్ గోడిన్ అనే పత్రికా రచయిత. లండన్‌లో ఆయనకు సోల్ సిటీ అనే రికార్డుల షాపు ఉండేది. లండన్ వాళ్లు కొత్తగా వచ్చిన ఫంక్ వైపు మళ్లుతుంటే, ఫుట్‌బాల్ మ్యాచుల కోసం ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాళ్లు మాత్రం షాపుకొచ్చి పాత వేగమైన పాటలే అడిగేవాళ్లు. వాళ్లకు ఏం చూపించాలో షాపులో వాళ్లకు తెలియడానికి ఆయన వాడిన గుర్తు మాట అది. 1970లో తన కాలమ్‌లో రాశాక అందరూ అందుకున్నారు.

వీటిలో బాగా పేరున్నది విగన్ కెసీనో. 1973 సెప్టెంబరు 23న అక్కడ సోల్ ఆల్ నైటర్లు మొదలయ్యాయి. అర్ధరాత్రి దాటాక మొదలై పొద్దున 8 దాకా సాగేవి. మద్యం అమ్మేవాళ్లు కాదు. జనం వచ్చేది డాన్సు కోసమే. చెక్క నేల మీద పాదాలు జారడానికి టాల్కం పౌడరు చల్లుకునేవాళ్లు. వదులు ప్యాంట్లు, గిర్రున తిరగడాలు, వెనక్కి పడి లేవడాలు, చెమటకు తడిసిన చొక్కా మార్చుకోవడానికి వెంట ఒక బ్యాగు. రాత్రి ముగిసేది ఎప్పుడూ అవే 3 పాటలతో. వాటిని 'త్రీ బిఫోర్ ఎయిట్' అనేవాళ్లు. రిచర్డ్ సర్లింగ్ ఇక్కడి డీజేల్లో ఒకడు. 'టెయింటెడ్ లవ్' ఈ సీన్‌లో అందరికీ తెలిసిన పాట అయింది. గ్లోరియా జోన్స్‌ను నార్తర్న్ సోల్ రాణి అని పిలవడం మొదలుపెట్టింది కూడా వీళ్లే.

రేడియో చెప్పిందనో, పత్రిక రాసిందనో వాళ్లు ఆ పాటను ఇష్టపడలేదు. నిజానికి ఈ రెంటిలోనూ ఆ పాట లేదు. డీజే వేశాడు, ఒంటికి నచ్చింది, వచ్చే వారం మళ్లీ అడిగారు. పాటకి ఇంతకన్నా నిజాయితీ గల పరీక్ష నాకు తెలియదు.

ఒక్క రికార్డు కోసం అంత పోటీ ఎందుకు?

ఎవరి దగ్గరా లేని పాట ఉన్న డీజే దగ్గరికే జనం వెళ్తారు కాబట్టి. కొందరు డీజేలు రికార్డు మీది లేబుల్‌ని కాగితంతో కప్పేసి, గాయకుడికీ పాటకీ దొంగ పేర్లు పెట్టి వేసేవాళ్లు. పోటీ డీజే కాపీ వెతుక్కోకుండా అదో జాగ్రత్త. దానివల్ల అసలు పాడినవాళ్ల పేర్లు ఏళ్ల తరబడి జనానికి తెలియకుండా పోవడం మాత్రం బాధగా ఉంటుంది.

అరుదైన రికార్డుల ధరలు ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తాయి. ఫ్రాంక్ విల్సన్ 1965లో మోటౌన్‌కి పాడిన 'డూ ఐ లవ్ యూ' అసలు కాపీ ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడైంది.

ఆ రోజుల్లో గ్లోరియా జోన్స్ ఏం చేస్తున్నారు?

ఆమె ఖాళీగా కూర్చోలేదు. మోటౌన్‌లో పాటల రచయితగా చేరారు. గ్లాడిస్ నైట్ అండ్ ది పిప్స్ 1970లో పాడి హిట్ చేసిన 'ఇఫ్ ఐ వర్ యువర్ వుమన్' రాసిన ముగ్గురిలో ఆమె ఒకరు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి, అక్కడి గ్లామ్ రాక్ స్టార్ మార్క్ బోలన్ నడిపే టీ రెక్స్ బృందంలో కోరస్ పాడారు, కీబోర్డు వాయించారు. ఇద్దరూ కలిసి జీవించారు. 1975లో కొడుకు పుట్టాడు.

క్లబ్బుల్లో తన పాత పాట ఆడుతోందని తెలిశాక 1976లో ఆమె దాన్ని మళ్లీ పాడారు. నిర్మాత బోలన్. 'విక్సెన్' అనే ఆల్బమ్‌లో ఉంటుంది. అది కూడా చార్టు ఎక్కలేదు.

1977 సెప్టెంబరు 16 తెల్లవారుజామున లండన్‌లోని బార్న్స్ దగ్గర వాళ్ల కారు రోడ్డు తప్పి చెట్టును ఢీకొంది. నడుపుతున్నది గ్లోరియా. 30వ పుట్టినరోజుకి రెండు వారాల ముందు బోలన్ చనిపోయాడు. ఆమెకు తీవ్ర గాయాలయ్యాయి. తర్వాత కొడుకుతో అమెరికా వెళ్లిపోయారు. నాలుగేళ్ల తర్వాత ఆమె పాత పాట ఇంకొకరి గొంతులో లోకమంతా మోగింది.

సాఫ్ట్ సెల్ ఎవరు? వాళ్లకి ఈ పాట ఎలా దొరికింది?

మార్క్ ఆమండ్, డేవ్ బాల్. లీడ్స్ పాలిటెక్నిక్‌లో ఆర్ట్ చదువుతూ కలిశారు. ఒకరు పాడేవాడు, ఒకరు సింథసైజర్ వాయించేవాడు, అంతే బృందం. మొదటి రికార్డు కోసం డేవ్ బాల్ వాళ్లమ్మ 2,000 పౌండ్లు సర్దింది. 1981లో వచ్చిన 'మెమొరబీలియా' క్లబ్బుల్లో ఆడింది గానీ చార్టు ఎక్కలేదు. తర్వాతి సింగిల్ కూడా పోతే కంపెనీ వదిలేసే పరిస్థితి.

డేవ్ బాల్ పెరిగింది బ్లాక్‌పూల్‌లో. అది నార్తర్న్ సోల్ గడ్డ. గ్లోరియా జోన్స్ పాట అతనికి అలా తెలుసు. అతని ద్వారా ఆమండ్‌కి తెలిసింది. ఆమండ్ అప్పటికే మార్క్ బోలన్‌కి వీరాభిమాని. బోలన్ పేరు మీద గౌరవంతో తన పేరు చివరి అక్షరాన్ని కూడా అతని స్పెల్లింగుకి మార్చుకున్నాడు. గ్లోరియాను టీ రెక్స్‌లో చూసినవాడే. ఇద్దరికీ రెండు వేర్వేరు దారుల్లో ఆమె తెలుసన్నమాట. కచేరీల చివర ఆ పాట పాడుతుండేవాళ్లు, జనానికి నచ్చుతోంది. మొదట ఫ్రాంకీ వాలీ అండ్ ది ఫోర్ సీజన్స్ బృందం పాట 'ది నైట్' చేద్దామనుకున్నారు. అది కూడా నార్తర్న్ సోల్ క్లబ్బుల పాటే. చివరికి దీన్ని ఎంచుకున్నారు.

సర్లింగ్ ఆ రికార్డు తేకపోతే, క్లబ్బులో జనం ఆడకపోతే, బ్లాక్‌పూల్ కుర్రాడి చెవికి అది చేరేది కాదు. సాఫ్ట్ సెల్ పాతాళంలోంచి పాటను తవ్వి తీసిందని రాసేవాళ్లతో నేను ఒప్పుకోనిది అందుకే.

పాటలో వాళ్లు ఏం మార్చారు?

మాటలు, బాణీ దాదాపు అవే. మిగతాదంతా మార్చేశారు.

గ్లోరియా పాటలో డ్రమ్స్, గిటార్, ఊదే వాయిద్యాలు, కోరస్ అన్నీ ఒకేసారి పరుగెడతాయి. మోసపోయిన మనిషి కోపంగా తలుపు వేసుకుని వెళ్లిపోతున్నట్టు ఉంటుంది. ఆమె ఏడవదు, తేల్చి చెబుతుంది. సాఫ్ట్ సెల్ వేగం తగ్గించింది. శ్రుతిని సి నుంచి జి కి దించింది, ఆమండ్ గొంతుకి అదే అనువు. గిటార్ లేదు, ఊదే వాయిద్యాలు లేవు, నిజం డ్రమ్స్ కూడా లేవు. మెషీన్ కొట్టే దెబ్బ, కింద బేస్, మధ్య మధ్యలో టింక్ టింక్ అని రెండు చిన్న మోతలు. ఆ రెండు మోతలు వినగానే ఏ పాటో చెప్పేస్తారు జనం.

పాట నిండా ఖాళీ జాగా ఉంది. ఆ జాగాలో ఆమండ్ గొంతు ఒంటరిగా నిలబడుతుంది. అతను గొప్ప శిక్షణ ఉన్న గాయకుడు కాదు. స్వరం అక్కడక్కడ కొంచెం తప్పుతుంది. వెళ్లిపోవాలని ఉంది, కాళ్లు కదలడం లేదు అన్నట్టు పాడతాడు. అవే మాటలు, మనిషి వేరు. గ్లోరియా పాటలో ప్రేమ అయిపోయింది, ఇతని పాటలో అయిపోలేదు. కవర్ అంటే వేరేవాళ్ల పాటను మళ్లీ కొత్తగా పాడటం. మంచి కవర్ చేయాల్సిన పని ఇదే అంటాను. మొదటి పాటలో వినబడని మనిషిని అందులోంచే బయటికి తీయాలి.

నిర్మాత మైక్ థోర్న్. అప్పట్లో చాలా ఖరీదైన సింక్లవియర్ అనే డిజిటల్ సింథసైజర్ వాడాడు. రికార్డింగ్ ఒకటిన్నర రోజులో అయిపోయింది. ఆమండ్ మొదటి టేకే సింగిల్‌లో ఉంచారు. ఆ తడబాటు అలా మిగిలింది, మంచిదే అయింది.

పెద్ద సైజు 12 అంగుళాల రికార్డులో ఈ పాట సుప్రీమ్స్ 1964 పాట 'వేర్ డిడ్ అవర్ లవ్ గో'లోకి జారిపోతుంది. మొత్తం దాదాపు 9 నిమిషాలు. ఒక సోల్ పాట అడిగిన ప్రశ్నకి ఇంకో సోల్ పాట తోడొచ్చినట్టు అద్భుతంగా అతుకుతాయి రెండూ.

ఎంత పెద్ద హిట్?

1981 జూలైలో విడుదలైంది. ఆగస్టులో బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్' కార్యక్రమంలో ఆమండ్ నల్ల బట్టలు, కాటుక, చేతి నిండా గాజులతో కనబడ్డాడు. ఇళ్లలో పెద్దవాళ్లకి మింగుడు పడలేదు, పిల్లలకి మాత్రం తెగ నచ్చాడు. సెప్టెంబరులో రెండు వారాలు నంబర్ వన్. ఆ ఏడాది బ్రిటన్‌లో ఎక్కువగా అమ్ముడైన సింగిల్స్‌లో ఇదొకటి. ఇంకా చాలా దేశాల్లో నంబర్ వన్ అయింది.

అమెరికా కథ ఇంకా విచిత్రం. 1982 జనవరిలో అక్కడి ప్రధాన పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో చేరింది. కొంచెం పైకెళ్లి ఫిబ్రవరి చివరికి 100వ స్థానానికి పడిపోయింది. ఇక పోయిందనుకున్న పాట మళ్లీ ఎక్కడం మొదలుపెట్టి జూలైలో 8కి చేరింది. మొత్తం 43 వారాలు చార్టులో ఉంది, అప్పటికి అదే రికార్డు. 1965లో ఆ పాటను పట్టించుకోని దేశంలోనే ఇదంతా జరిగింది.

ఆ డబ్బంతా ఎవరికి వెళ్లింది?

చాలామంది అడిగే ప్రశ్న ఇదే, చాలా చోట్ల తప్పుగా చెప్పేదీ ఇదే.

పాటకి రెండు హక్కులుంటాయి. ఒకటి రాసిన పాట మీద, అంటే మాటలు, బాణీ మీద. అది రచయితది, ఆయన పబ్లిషర్‌ది. రెండోది రికార్డింగ్ మీద, అంటే ఫలానా రోజు ఫలానా స్టూడియోలో పట్టిన శబ్దం మీద. అది సాధారణంగా రికార్డు కంపెనీది, పాడినవాళ్లకి ఒప్పందం ప్రకారం వాటా వస్తుంది. కవర్ చేసేవాళ్లు పాత రికార్డింగ్‌ని ముట్టుకోరు, కొత్తగా పాడతారు. కాబట్టి మొదటి హక్కు ఉన్నవాళ్లకే డబ్బు వెళ్తుంది.

ఈ లెక్కన ప్రతి సాఫ్ట్ సెల్ రికార్డు మీదా ఎడ్ కాబ్ పక్షానికి రాయల్టీ చేరింది. గ్లోరియా జోన్స్‌కి ఆ రికార్డు మీద హక్కేమీ లేదు. పాటకి మొదటి రూపం ఇచ్చిన గొంతు ఆమెదే, అయినా చట్టం దృష్టిలో ఆమె రచయిత కాదు. చట్టప్రకారం ఇది సరే కావచ్చు, నాకైతే ఎప్పటికీ న్యాయంగా అనిపించదు. ఒక గాయని పదాలను ఎక్కడ విరిచిందో, ఎక్కడ ఊపిరి తీసిందో వింటూనే తర్వాతివాళ్లు ఆ పాట నేర్చుకున్నారు. దానికి లెక్క కట్టే పద్ధతే లేదు.

సాఫ్ట్ సెల్ వాళ్ల సంగతి కూడా వినదగ్గదే. వాళ్ల సింగిల్ బీ సైడ్ 'వేర్ డిడ్ అవర్ లవ్ గో', అదీ వేరేవాళ్ల పాటే. హాలండ్, డోజియర్, హాలండ్ అనే మోటౌన్ రచయితలది. అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం రికార్డు చిల్లర ధరలో 6.25 శాతం రచయితల వాటా, దాన్ని రికార్డు మీది పాటల మధ్య పంచాలి. బీ సైడ్‌ని రేడియోలో ఎవరూ వేయకపోయినా, ఏ సైడ్ ఎన్ని కాపీలు అమ్మితే అన్నింటి మీదా బీ సైడ్ రచయితకి డబ్బొస్తుంది. తమ సొంత పాట ఏదో ఒకటి వెనకవైపు పెట్టి ఉంటే ఆ వాటా వాళ్లదయ్యేది. ఆ తెలివి అప్పుడు లేకపోయిందని ఆమండ్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఇప్పటికీ కొత్త బృందాలకు పాఠంగా చెప్పే ఉదాహరణ ఇది.

వేరేవాళ్ల పాట పాడాలంటే పర్మిషన్ అడగక్కర్లేదా?

అమెరికాలో 1909 నుంచి ఒక పద్ధతి ఉంది. పాట ఒకసారి రచయిత అనుమతితో రికార్డై బయటికొస్తే, ఆ తర్వాత ఎవరైనా చట్టం చెప్పిన రేటు కట్టి దాన్ని కొత్తగా రికార్డు చేసుకోవచ్చు. రచయిత కాదనలేడు. ఆ రేటు 1909లో కాపీకి 2 సెంట్లు, 1965లోనూ అదే, 1981లో 4 సెంట్లు. బాణీ ప్రాథమిక రూపం మార్చనంతవరకు తమ శైలిలో పాడుకోవచ్చు.

మన దేశంలో కాపీరైట్ చట్టం 31సి సెక్షన్ కవర్ల గురించి చెబుతుంది. 2012 సవరణతో వచ్చింది. అసలు రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక 5 క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి, ఇది కవర్ వెర్షన్ అని అట్ట మీద రాయాలి. హక్కుదారు ఒప్పుకోని మార్పులు చేయకూడదు. ఇది సౌండ్ రికార్డింగులకు మాత్రమే. వీడియో తీసి పెట్టాలంటే హక్కుదారులతో విడిగా మాట్లాడుకోవాలి. సరదాగా పాత సినిమా పాట పాడి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకి కాపీరైట్ క్లెయిమ్ వచ్చి టెన్షన్ పడటం మామూలే. పాడింది మనమే అయినా పాట మనది కాదు, అదీ సంగతి.

నల్లవాళ్ల పాటను తెల్లవాళ్లు తీసుకుని బాగుపడ్డారని అనుకోవచ్చా?

అడగాల్సిన ప్రశ్నే. 1950ల అమెరికాలో అది పచ్చిగా జరిగింది. నల్లజాతి గాయకుడి పాట బయటికొచ్చిన కొద్ది వారాలకే తెల్లజాతి గాయకుడితో మెత్తగా పాడించి, రేడియో చోటంతా వాళ్లకే ఇచ్చేవాళ్లు. అసలు పాట బతకాల్సిన సమయంలోనే దాని గొంతు నొక్కినట్టు.

ఇక్కడ జరిగింది అది కాదు. గ్లోరియా పాటను పక్కకు తోసింది సాఫ్ట్ సెల్ కాదు, 1965 నాటి రేడియో, పంపిణీ వ్యవస్థలు. రాసిన ఎడ్ కాబ్ తెల్లవాడు కూడా. అయితే డబ్బు, పేరు ఎటు పోయాయో చూస్తే పాత అన్యాయపు నీడ దీని మీదా ఉంది. ఆమండ్, బాల్ ఇద్దరూ ఆ పాట ఎవరిదో దాచలేదు, గ్లోరియా పేరు చెబుతూనే వచ్చారు. నిజాయితీగల కవర్‌కి, దోపిడీకి తేడా అక్కడ మొదలవుతుంది. అంతటితో పూర్తవదు.

ఇలా తిరిగి వచ్చిన సోల్ పాటలు ఇంకా ఉన్నాయా?

చాలా. ఆ రోజుల్లో బ్రిటన్‌లో అదొక గాలిలా వీచింది. ఫిల్ కాలిన్స్ పాడిన 'యూ కాంట్ హర్రీ లవ్' 1983 జనవరిలో నంబర్ వన్, అది సుప్రీమ్స్ 1966 పాట. అదే ఏడాది పాల్ యంగ్ 'వేర్‌ఎవర్ ఐ లే మై హ్యాట్'తో నంబర్ వన్ అయ్యాడు. అది మార్విన్ గే 1962లో పాడింది, 1969లో ఒక సింగిల్‌కి బీ సైడ్‌గా వచ్చింది.

అన్నిటికన్నా పేరున్న కవర్ ఆరెథా ఫ్రాంక్లిన్ 1967లో పాడిన 'రెస్పెక్ట్'. రాసి, 1965లో మొదట పాడింది ఓటిస్ రెడ్డింగ్. ఇంటికి అలసి వచ్చిన మగవాడు అడిగే మర్యాదని ఆరెథా ఆడమనిషి అడిగే మర్యాదగా మార్చేసింది. అక్కడ ఇద్దరూ సోల్ దిగ్గజాలే, రెండేళ్ల తేడాయే. మరుగున పడి మళ్లీ లేచిన పాట కాదు కాబట్టి 'టెయింటెడ్ లవ్' కథతో పోల్చలేం.

సాఫ్ట్ సెల్ తర్వాత ఎవరు పాడారు?

కాయిల్ అనే ఇంగ్లిష్ బృందం 1985లో దీన్ని శవయాత్ర అంత నెమ్మదిగా పాడింది. ఎయిడ్స్ మనుషులను వరసగా తీసుకుపోతున్న రోజులవి. ఆ రికార్డు మీద వచ్చిన డబ్బు టెరెన్స్ హిగ్గిన్స్ ట్రస్ట్ అనే ఎయిడ్స్ సహాయ సంస్థకి ఇచ్చారు. ప్రేమలో నొప్పి గురించి 1964లో రాసిన మాటలు ఆ సందర్భంలో వింటే ఒళ్లు జలదరిస్తుంది. 2001లో మరిలిన్ మాన్సన్ రాక్ వెర్షన్ చేశాడు.

2006లో రిహానా 'ఎస్ఓఎస్' పాట కింద మోగే సంగీతం సాఫ్ట్ సెల్‌దే. అది శాంపిల్, అంటే పాత రికార్డింగ్ ముక్కనే వాడారు. ఆ పాటతో రిహానా అమెరికాలో మొదటిసారి నంబర్ వన్ అయింది. రచయితల్లో ఎడ్ కాబ్ పేరు కూడా వేశారు. ఆయన 1999లోనే చనిపోయాడు. మన పిల్లల్లో చాలామందికి ఈ ట్యూన్ మొదట చేరింది ఈ పాటతోనే.

విగన్ కెసీనో ఇప్పటికీ ఉందా?

లేదు. 1981 డిసెంబరు 6న మూసేశారు. అప్పటికి సాఫ్ట్ సెల్ నంబర్ వన్ అయి మూడు నెలలు. నార్తర్న్ సోల్ మాత్రం ఆగలేదు, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఆల్ నైటర్లు నడుస్తున్నాయి, పాతికేళ్ల పిల్లలు కూడా వస్తున్నారు.

గ్లోరియా జోన్స్ తర్వాత ఏమయ్యారు?

ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కి వెళ్లి, మకేని పట్టణంలో మార్క్ బోలన్ పేరు మీద పిల్లలకి సంగీతం నేర్పే బడి పెట్టారు. అంతర్యుద్ధంలో నలిగిపోయిన దేశం అది. నార్తర్న్ సోల్ అభిమానులు ఆమెను మర్చిపోలేదు. ఇంగ్లండ్ వచ్చినప్పుడల్లా వేదికల మీద ఆ పాట పాడించుకున్నారు.

ఏది ముందు వినాలి?

1965 నాటి గ్లోరియా పాటతో మొదలుపెట్టండి. వీలైతే ఫోన్ స్పీకర్లో కాకుండా కొంచెం బేస్ వినబడే దాంట్లో వినండి, డ్రమ్స్ మీదే ఆ పాట నడుస్తుంది. తర్వాత సాఫ్ట్ సెల్ 12 అంగుళాల పొడుగు వెర్షన్. ఆ తర్వాత ఓపిక ఉంటే కాయిల్ వెర్షన్. వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: 1976లో బోలన్ నిర్మించినది కూడా గ్లోరియా పేరుతోనే దొరుకుతుంది. అది చెడ్డది కాదు గానీ విగన్‌లో జనం ఆడింది దానికి కాదు. సంవత్సరం చూసి నొక్కండి.